పురుగు కులం తేలనివ్వండి!

తోటలో పురుగు పడిందని గగ్గోలు పెట్టే రైతులారా, సిగ్గుపడండి! దాని కులమేదో తెలుసుకోకుండానే మందు కొట్టడానికి బయల్దేరడం ఏం మర్యాద?

కులం అనగానే ఉలిక్కిపడకండి. మన చింతామణి ఉండేది కర్ణాటకలో, ఆఫీసు కాగితాలన్నీ కన్నడంలో ఉంటాయి కదా! పురుగుల లెక్కలో జాతుల కన్నా ఒక మెట్టు పైనుండే గుంపును, అంటే ఇంగ్లీషు జీనస్‌ను, కన్నడంలో 'కుల' అంటారు. అర్జీలో ఆ గడి నిండకపోతే అర్జీ కదలదు. బస్టాండు పక్కన కూర్చొని ఇరవై ఏళ్ళుగా అర్జీలు రాసిపెడుతున్నవాణ్ణి, నా మాట నమ్మండి. ఆ గడి వచ్చాకే మన తాలూకాకు నాగరికత వచ్చింది.

బట్లహళ్ళి లక్ష్మీనరసమ్మ సంగతే చూడండి. ఆమె పట్టుపురుగులు పెంచుతుంది. పోయిన నెల ఆమె తోటలో మల్బరీ ఆకులు గీతలు పడి ముడుచుకుపోయాయి. ఇంట్లో తట్టల నిండా పురుగులు అప్పుడే మూడో జ్వరం నుంచి లేచాయి. జ్వరమంటే జబ్బు కాదు, పొర విడిచే నిద్ర. లేచాక వాటి ఆకలి అంతా ఇంతా కాదు. ముడుచుకున్న ఆకు వేస్తే ముట్టవు. ఏదో ఒక మందు కొట్టి ఆ ఆకు వేస్తే చస్తాయి. ఏం చేయాలో చెప్పండని సోమవారం నాతో అర్జీ రాయించి పట్టు శాఖ ఆఫీసులో ఇచ్చింది.

ఆఫీసు ఆమెను ఊరికే వదిలేసిందా? లేదు! అప్పటికప్పుడే చీటీ ఇచ్చింది. 'నుసి' తెచ్చివ్వాలట.

కన్నడంలో నుసి అంటే ఆకును గీరి రసం పీల్చే సన్న పురుగు, మన తామర పురుగు. మన ఇళ్ళలో నుసి అంటే పొడి. చీటీ చదివిపెట్టింది నేనే. "నుసి తెమ్మన్నారమ్మా" అన్నాను. మంగళవారం ఆమె చెట్ల కింద రాలి, ఎండి, బూజు పట్టిన ఆకుల పొడిని కవరు నిండా ఊడ్చుకొచ్చింది.

తప్పు నాదే అంటారా? తొందరపడకండి. ఆ తప్పు వల్లనే సైన్సు ముందుకు నడిచింది!

కీటకాల ఆఫీసర్ ఆనంద్‌కుమార్ గారు ఆ పొడిని తెల్లకాగితం మీద దులిపారు. వడ్లగింజలో సగం కూడా లేని నల్లటి పురుగులు బిలబిలమంటూ పరుగెత్తాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. ఒకదాన్ని పట్టి మైక్రోస్కోపు కింద పెట్టారు. ఒంటి చివర గొట్టం ఉంది. నోట్లోని సూదులు వెడల్పుగా ఉన్నాయి.

"ఇది బూజు బీజాల్ని మింగి బతికే తామర పురుగు అమ్మా! ఇంగ దీని కులం తేల్చల్ల" అన్నారు.

"బిరీన తేల్చప్పా. ఆడ ఇంట్లో పురుగులు తలలెత్తి చూస్తాండాయి" అంది ఆమె.

పాఠకులారా, కులం తేల్చడం మీరనుకున్నంత సులువా? తల వెడల్పు కంటే బాగా పొడుగుంటే ఎలాఫ్రోథ్రిప్స్ కావచ్చు. పొట్టిగా, వెడల్పుగా ఉంటే నెసోథ్రిప్స్ కావచ్చు. బుగ్గల మీద ముళ్ళలాంటి వెంట్రుకలున్నాయా? మీసాలకు ఎన్ని కణుపులు? ముందుకాలికి పన్నుందా? వీపు మీద రెక్కల్ని పట్టి ఉంచే వెంట్రుకలు ఎన్ని జతలు? పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్ష ఉండదు!

మన బుగ్గల్ని, మన మీసాల్ని ఏ సర్కారైనా ఇంత శ్రద్ధగా చూసిందా? నా ఆధార్ కార్డులో ఫోటో చూసి మా ఆవిడే ఇదెవరని అడిగింది!

బుధవారం ఒక పురుగు మీసం విరిగింది. మళ్ళీ ఇంకోదాన్ని పట్టి మొదటినుంచి మొదలుపెట్టారు. గురువారం ఆనంద్‌కుమార్ గారు లావుపాటి పుస్తకం తిరగేస్తూ మధ్యాహ్నం భోజనం కూడా మరిచిపోయారు. ఇది ఎగతాళికి అనడం లేదు. అంత పనిమంతుణ్ణి నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

శుక్రవారం లక్ష్మీనరసమ్మ వచ్చేసరికి రిపోర్టు సిద్ధం. ఎలాఫ్రోథ్రిప్స్! సంతకం, ముద్ర, అన్నీ ఉన్నాయి. కింద ఒక వాక్యం కూడా ఉంది: ఈ పురుగు పచ్చి ఆకును తినదు, పంటకు హాని లేదు, కనుక అర్జీ ముగిసింది.

చదివి వినిపించాను. ఆమె ఆ కాగితాన్ని ఆఫీసర్ గారి ముందుకు జరిపింది.

"ఇది తినకుంటే నా ఆకు ఎవురు తినిరప్పా?"

"అది వేరే అర్జీ అమ్మా" అన్నారు ఆనంద్‌కుమార్ గారు మెత్తగా.

ఆమె సంచిలోంచి ఒక పచ్చి ఆకు తీసి బల్ల మీద బోర్లించింది. ఆయన మైక్రోస్కోపు వైపు తిరగనైనా లేదు. మామూలు కళ్ళతో ఒక్క చూపు చూశారు.

"అయ్యో, ఇదా! ఇది మల్బరీ నుసి. మందు వద్దే వద్దు. పైపుతో ఆకుల కింద జోరుగా నీళ్ళు కొట్టండి, కొట్టుకొని పోతాయి. ఈ ఆకు ముందే తెచ్చింటే ఆ పొద్దే చెప్పేస్తా ఉంటినమ్మా."

"ఆకు లేక సచ్చిన పురుగులు, సగం తట్టలు నిన్ననే గుంతలో పోస్తినప్పా" అంది లక్ష్మీనరసమ్మ. "నేను మూడుతూర్లు నీ ఆఫీసుకు వస్తి. నువ్వు ఒగతూరి నా తోటకు వచ్చింటే, ఆకు చెట్టు మీందే ఉండె గదా!"

ఇక్కడ కులం గడి గొప్పతనం గురించి ఇంకో రెండు పేరాలు రాద్దామనుకున్నాను. కలం కదలడం లేదు. చీటీ తప్పుగా చదివిపెట్టిన వాడిగా నాకు సిగ్గేసింది.

ఆమె అంగళ్ళ వీధిలో పైపు చుట్ట కొని, భుజాన వేసుకొని బట్లహళ్ళి బస్సెక్కింది. మిగిలిన సగం తట్టలకైనా సాయంత్రానికి మంచి ఆకు అందాలని ఆమె తొందర. నేను బస్సు కిటికీ దాకా వెళ్ళి సాగనంపాను. ఆమె పక్క సీటు ఖాళీగా ఉంది. ఆఫీసర్ గారూ, ఆయన లావు పుస్తకమూ, మైక్రోస్కోపూ ఇబ్బంది లేకుండా కూర్చోగలిగినంత ఖాళీ!