పెట్టెలో ఖాళీ ఉండకూడదు

శనివారం ఉదయం ఏడు గంటలకి లువాల్హతి కాటిగ్‌బాక్ వేసుకున్న ప్రణాళికలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి పార్సిల్ లారీ వచ్చి తల్లి పెట్టెని తీసుకుపోతుంది. పదింటికి తను వ్యానుతో వచ్చి బ్యాండ్ పెట్టెని ఎక్కించుకుంటుంది. నాలుగింటికి మిషన్ వీధి రికార్డుల కొట్టులో కచేరీ, కొత్త ఆల్బమ్ విడుదల. మధ్యలో భోజనానికని అరగంట కూడా వదిలింది. ఆ అరగంట ఒక్కటే ఆమె అత్యాశ.

బ్యాండ్ పేరు సినెలాస్. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులకి ఫిలిప్పీన్స్ వాళ్ళ మాట అది. ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ మాట వినగానే ముందు గుర్తొచ్చేది కాళ్ళు కాదు, వీపు. లువాల్హతి, అందరి నోటా లువా, గిటార్ వాయిస్తూ పాడుతుంది. ఆమె పిన్ని కొడుకు రోడెల్ డ్రమ్స్ వాయిస్తాడు. కొరియా వాళ్ళమ్మాయి సోరాది బేస్ గిటార్. ముగ్గురూ ముప్ఫై దాటినవాళ్ళే.

పదకొండేళ్ళుగా వీళ్ళ వెనక ఏ రికార్డుల కంపెనీ లేదు. ఒకసారి ఓ కంపెనీ పెద్దమనిషి పిలిచి, పాటలు బాగున్నాయి గానీ మధ్యమధ్య వెదురు పిల్లనగ్రోవి పెడితే ఆసియా వాసన తగులుతుందన్నాడు. లువా పుట్టింది కాలిఫోర్నియాలోని డేలీ సిటీలో, పెరిగిందీ అక్కడే. ఆమెకి తెలిసిన ఆసియా వాసన పొద్దున్నే వెల్లుల్లి వేసి వేయించే అన్నానిది. దానికి పిల్లనగ్రోవి అక్కర్లేదని చెప్పి లేచి వచ్చేసింది. అప్పటినుంచి గరాజ్ గోడలకి పాత పరుపులు కట్టి పాటలు రికార్డు చేసుకున్నారు. రికార్డుల అట్టల మీద బొమ్మలు వాళ్ళే అచ్చు వేసుకున్నారు. వారమంతా ఉద్యోగాలు చేసి, సెలవు రోజున వ్యాను తోలుకుంటూ, వెంట ఓ రైస్ కుక్కర్ పెట్టుకుని ఊళ్ళు తిరిగారు. స్టాక్టన్‌లో ఏడుగురి ముందు వాయించారు. ఆ ఏడుగురూ ఇప్పటికీ ప్రతి కచేరీకీ వస్తారు. ఇది గర్వపడాల్సిన సంగతి, నేనైతే పడుతున్నాను.

ఇది మూడో ఆల్బమ్. నూట ఎనభై నల్లటి పెద్ద రికార్డులు, అంతే. అట్ట మీద పూల గౌను వేసుకున్న ఒకావిడ, కుడిచేతిలో ఎత్తిన చెప్పు. ఆవిడ లువా తల్లి పెర్పెట్వా. బొమ్మ గీయడానికి లువాకి ఫోటో అవసరం రాలేదు, అంత బాగా గుర్తుంది. అనుమతి మాత్రం అడగలేదు.

అడిగే ధైర్యం ఎక్కడిది? పెర్పెట్వా ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా రాత్రి డ్యూటీలు చేసిన మనిషి. కూతురి సంగీతం గురించి పదకొండేళ్ళలో ఆవిడ అన్నది ఒకే ఒక్క మాట. "గరాజ్ తలుపేసుకోండి." ఈసారి మాత్రం లువా తెగించి కచేరీకి రమ్మని పిలిచింది. ఆల్బమ్‌లో రెండో పాట ఆ రాత్రి డ్యూటీల గురించే. ముందు తల్లికి ఆ పాట వినిపించి, ఆవిడ మనసు కాస్త మెత్తబడ్డాక అట్ట చూపించాలని ఎత్తు. "చూద్దాం" అంది తల్లి. ఆ ఇంట్లో చూద్దాం అంటే రాననే అర్థం.

ఇక పెట్టెల సంగతి. డేలీ సిటీలో ఫిలిప్పీన్స్ వాళ్ళ ప్రతి గరాజ్‌లోనూ నడుమెత్తు అట్టపెట్టె ఒకటి ఏడాది పొడుగునా నోరు తెరుచుకుని ఉంటుంది. సబ్బులు, తువ్వాళ్ళు, స్పామ్ మాంసం డబ్బాలు, లోపల చాక్లెట్లు కుక్కిన బూట్లు ఒక్కొక్కటే అందులో చేరి, క్రిస్మస్‌కి ముందు ఓడెక్కి ఫిలిప్పీన్స్‌లోని చుట్టాలకి పోతాయి. పెట్టెలో బెత్తెడు ఖాళీ కూడా ఉండకూడదు, పైన బెత్తెడు అట్ట కూడా టేపు లేకుండా కనపడకూడదు. ఈ రెంటిలో ఏది తప్పినా ఇంటి పరువు పోయినట్టే.

లువా తన రికార్డుల్ని అలాంటి పెట్టెలోనే సర్దింది, గట్టిగా ఉంటుందని. పైన ఒకే ఒక్క వరస టేపు అతికించి రోడెల్‌కి చెప్పింది. "ఒక్క వరసున్నది మనది. నిండా టేపున్నది అమ్మది. లారీవాళ్ళకి అమ్మ పేరున్న ఆ కాగితం ఇచ్చి, అమ్మ పెట్టె ఇచ్చెయ్."

"ఇంత చిన్న పనికి ఇన్ని జాగ్రత్తలేంటి ఆతే?" అన్నాడు రోడెల్. ఆతే అంటే అక్క.

ఎనిమిదింటికి లారీ వచ్చేసరికి పెర్పెట్వా చర్చిలో పాటల బృందంతో సాధనలో ఉంది. లువా సోరా ఇంటి దగ్గర ఆంప్లిఫయర్లు మోస్తోంది. రోడెల్ గరాజ్‌లోకి వెళ్ళి చూస్తే రెండు పెట్టెలకీ నిండా టేపే. అతను కంగారు పడలేదు, ఆలోచించాడు. నష్టమంతా అక్కడే జరిగింది. పెద్దమ్మ పెట్టె ప్రతి ఏడూ ఇద్దరు మోయలేనంత బరువుంటుంది కాబట్టి బరువుగా ఉన్నదే ఆవిడదని తేల్చి, దాన్ని లారీ ఎక్కించి చేతులు దులుపుకున్నాడు. పదింటికి రెండో పెట్టెని వ్యానులో తనే ఎక్కించి, పైన డ్రమ్స్ పేర్చేశాడు.

ఒంటిగంటకి రికార్డుల కొట్టులో డ్రమ్స్ దించాకే లువా పెట్టె నిండా ఉన్న టేపు చూసి, గబగబా కోసి తెరిచింది. పైన గులాబీరంగు తువ్వాలు. దాని కింద వరసగా స్పామ్ డబ్బాలు.

సోరా తొంగిచూసి, "మూడో ఆల్బమ్ కొంచెం ఉప్పగా ఉండేట్టుందే," అంది.

"రోడెల్! ఒక్క వరస టేపున్నది అని చెప్పానా లేదా?"

"రెంటికీ నిండా ఉంది ఆతే! ఒట్టు! నేనేం చేసేది, పెట్టెలు తూచా!"

తన పెట్టెకి టేపు ఎవరు చుట్టారో లువాకి వెంటనే తట్టింది. ఒక్క వరస టేపుతో తన ఇంట్లోంచి పెట్టె బయటికి పోవడం పెర్పెట్వా బతికుండగా జరగదు. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. చెప్పెత్తిన తల్లి బొమ్మలు నూట ఎనభై, తల్లి పేరు మీద, తల్లి పుట్టిన ఊరికే పోతున్నాయి. అక్కడ ఆవిడకి ముగ్గురు అక్కలున్నారు, లెక్కలేనంత మంది వదినలున్నారు.

సోరాని కొట్టులో వదిలి ఇద్దరూ వ్యానులో విమానాశ్రయం పక్కనున్న గోదాముకి పరిగెత్తారు. మూడింటికి కంటైనర్‌కి తాళం వేస్తారట. లోపల ఒకేలాంటి పెట్టెలు కొండలా ఉన్నాయి. ఇంకా పెట్టెలు పట్టుకుని నలభై మంది వరసలో ఉన్నారు. బల్ల వెనక కళ్ళద్దాలు పెట్టుకున్న ముసలాయన మాంగ్ తియోడోరో. పెద్దవాళ్ళ పేరు ముందు మర్యాదకి మగవాళ్ళకైతే మాంగ్, ఆడవాళ్ళకైతే అలింగ్ తగిలిస్తారు.

"పంపినవాళ్ళొస్తేనే పెట్టె వెనక్కిస్తాం," అన్నాడాయన.

"నేనే పంపానండీ," అంది లువా.

ఆయన కాగితం చూశాడు, లువాని చూశాడు. "పెర్పెట్వా కాటిగ్‌బాక్. చర్చిలో నా పక్కనే నిలబడి పాడుతుంది. పొద్దున్న చూసినప్పటికీ ఇప్పటికీ ముప్ఫై ఏళ్ళు తగ్గావే తల్లీ, ఏం రాస్తున్నావ్ మొహానికి?"

వరసలో నవ్వులు. లువా మొహం కందిపోయింది. నిజం చెబితే ఆయన పెట్టె తెరుస్తాడు, తెరిస్తే బొమ్మ చూస్తాడు, ఆదివారానికల్లా చర్చి అంతా తెలుస్తుంది. అందుకని, "ఆ పెట్టెలో పంపకూడనిది ఒకటి పడిందండీ," అంది గొంతు తగ్గించి.

ఆమె గొంతు తగ్గించింది గానీ ఆయనకి చెవుడు. "పంపకూడనిదా! మందుగుండా?" అని గోదాము దద్దరిల్లేలా అడిగాడు.

వరస రెండు గజాలు వెనక్కి జరిగింది. పది ఫోన్లు ఒక్కసారి బయటికొచ్చాయి. పెర్పెట్వా పెట్టెలో మందుగుండట అన్నది అక్కడినుంచి బయల్దేరి, సూపర్ మార్కెట్ దాటి, చర్చికి చేరేసరికి పెర్పెట్వా కూతుర్ని పోలీసులు పట్టుకుపోయారట అయింది. ఇరవై నిమిషాల్లో చర్చి వ్యాను గోదాము ముందు ఆగింది. నీలం కండువాలతో పదకొండు మంది ఆడవాళ్ళు, వాళ్ళ ముందు పెర్పెట్వా.

సరిగ్గా అప్పుడే సోరా ఫోను. "జనం వచ్చేశారు. రికార్డులు లేవని తెలిసి పోయేవాళ్ళు పోతున్నారు. ఏం చెయ్యను?"

"ఏదో ఒకటి చేసి ఆపు!" అని లువా పెట్టేసింది.

"బేడీలేవే?" అంది పెర్పెట్వా కూతురి చేతులు చూసి. కాస్త నిరాశ పడ్డట్టు కూడా అనిపించింది.

"నానయ్, అదీ... పెట్టెలు మారిపోయాయి," అంది లువా. తల్లిని ఆమె పిలిచేది అలాగే.

మాంగ్ తియోడోరో గొంతు సవరించుకున్నాడు. "అలింగ్ పెర్పెట్వా, పద్ధతి మీకు తెలిసిందే. లోపలున్నదేంటో మీరు చెప్పాలి, నేను తెరిచి చూడాలి. తేడా వస్తే ఇవ్వను."

లువాకి భూమి చీలితే బాగుండుననిపించింది. తల్లి ఇప్పుడు స్పామ్ అంటుంది. ఆయన తెరుస్తాడు. పెట్టె రాదు, ఆల్బమ్ రాదు, చెప్పు మాత్రం వస్తుంది.

"రికార్డులు," అంది పెర్పెట్వా. "నూట అరవై అయిదు. అట్ట మీద నేను. చేతిలో చెప్పు."

ముసలాయన పెట్టె తెరిచి, ఒక రికార్డు పైకెత్తి, బొమ్మనీ మనిషినీ మార్చి మార్చి చూశాడు. వరసలో వెనకనుంచి ఎవరో, "అయ్యో, ఇది మా అమ్మే!" అన్నారు. "మీ అమ్మేంటి, మా అమ్మ!" అని ఇంకెవరో. నలభై మందీ మెడలు సాచారు.

"నీకెలా తెలుసు నానయ్?" అంది లువా.

"టేపు సరిగ్గా లేదని విప్పాను. విప్పాక చూడనా? మళ్ళీ మర్యాదగా చుట్టింది ఎవరనుకున్నావ్?"

"నూట ఎనభై ఉండాలి కదా?"

"పదిహేను తీసుకున్నాను. నా పెట్టె అడుగున పెట్టాను, అక్కయ్యలకీ వదినలకీ. పదకొండేళ్ళుగా ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న, నీ కూతురు ఇంకా పాడుతూనే ఉందా అని. పాడుతోంది, వినండి అని పంపుతున్నాను. తప్పా?"

"నువ్వసలు మా పాటలు ఎప్పుడు విన్నావ్?"

పెర్పెట్వా కూతురి కేసి జాలిగా చూసింది. "పదకొండేళ్ళు నా మంచానికి సరిగ్గా కింద అంతస్తులో, గరాజ్‌లో వాయించి, ఎప్పుడు విన్నావంటావేంటే? తలుపేసుకోమంది పక్కింటివాళ్ళు ఊరికే వినకూడదని."

లువా నవ్వబోయి ఏడ్చింది. రోడెల్ ఏడవబోయి నవ్వాడు. అప్పుడు ఫోను మళ్ళీ మోగింది. ఈసారి సోరా గొంతు వింతగా ఉంది.

"లువా, నువ్వు ఆపమన్నావని మన రైస్ కుక్కర్‌లో అన్నం పెట్టి, ఆ డబ్బాలు వేయించి పెడుతున్నాను. ఒక్కడు కదిలితే ఒట్టు. కానీ ఇప్పుడు పెట్టె అడుక్కొచ్చాం. అడుగున తువ్వాళ్ళలో చుట్టి మన రికార్డులున్నాయి. ప్రతిదాని మీదా ఒక చీటీ. ‘ఎంకార్నసియోన్ అక్కకి. ఇది నా కూతురు చేసింది. బొమ్మలో ఉన్నది నేను. రెండో పాట ముందు విను. మిగతావి అరుపులు, కానీ మంచి అరుపులు.’ లువా? ఉన్నావా?"

ఫోను స్పీకర్‌లో ఉంది. చీటీలోని ప్రతి మాటా పెర్పెట్వా వింది. కానీ ఆవిడ మనసు చీటీకి ముందు సోరా అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"ఏ డబ్బాలు వేయించారు?" అంది.

మూడున్నరకి బ్యాండ్ వ్యాను, దాని వెనక చర్చి వ్యాను, ఆ వెనక వరసలోని జనం కార్లు మిషన్ వీధిలోకి తిరిగాయి. మాంగ్ తియోడోరో కూడా తన చోట ఇంకొకరిని కూచోబెట్టి వచ్చాడు. కొట్టు నిండా మనుషులు, మనుషుల చేతుల్లో అన్నం గిన్నెలు, గదంతా వేయించిన మాంసం వాసన. ఏడాది పాటు ఒక్కొక్కటే కొని దాచిన డబ్బాలు ఖాళీగా మూలన గుట్ట పడి ఉన్నాయి. స్టాక్టన్ ఏడుగురూ రెండోసారి వడ్డించుకుంటున్నారు.

పెర్పెట్వా తిన్నగా వేదిక మీదికి నడిచింది. చర్చి బూట్లు నొప్పి పెడతాయని ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ ఇంటి చెప్పులుంటాయి. వాటిలో ఒకటి తీసి, సోరా వైపు తిరిగి, కుడిచెయ్యి ఎత్తింది. "క్రిస్మస్‌కి మా అక్కయ్యలు ఏం తింటారే!"

ఆవిడ వెనక గోడకి బ్యాండ్ తగిలించిన గుడ్డ ఉంది. దాని మీద అదే మనిషి, అదే చెయ్యి, అదే చెప్పు, పది అడుగుల ఎత్తున. కొట్టు పైకప్పు లేచిపోయేలా చప్పట్లు కొట్టింది. కచేరీ ఇలా మొదలు పెట్టాలని బ్యాండ్ ముందే అనుకుందని అందరి నమ్మకం.

పెర్పెట్వా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. వెనక్కి తిరిగి బొమ్మ చూసుకుంది, జనాన్ని చూసింది, ఈలలు వేస్తున్న పాటల బృందాన్ని చూసింది. మెల్లగా చెప్పు దించి, గౌను సర్దుకుని, ముందు వరసలో కుర్చీ లాక్కుని కూచుంది.

"రెండో పాట ముందు," అంది.

ఆ పాటని లువా అంతకు ముందు అంత బాగా ఎప్పుడూ పాడలేదు. రాత్రంతా నిలబడి పనిచేసిన కాళ్ళు తెల్లవారి ఇంటికొచ్చి రబ్బరు చెప్పుల్లోకి దూరే చోట గొంతు వణికింది, ఆగలేదు. రోడెల్ దెబ్బ ఒక్కటీ తప్పలేదు. కుర్చీలో తల్లి పెదవులు కదుపుతోంది. ఆవిడకి ప్రతి మాటా వచ్చు. పాట అయ్యాక జనం లేచి నిలబడ్డారు. కచేరీ తర్వాత రికార్డుల మీద సంతకాలు పెట్టింది పెర్పెట్వా. బ్యాండ్ పక్కన నిలబడి కలం అందించింది.

మరుసటి వారం ఆవిడ తన పెట్టె మళ్ళీ సర్దింది. డబ్బాలు పోయినచోట పెద్ద ఖాళీ మిగిలింది. పెట్టెలో ఖాళీ ఉండకూడదు కాబట్టి అక్కడ ఇంకో ముప్ఫై రికార్డులు పెట్టి, నిండా టేపు చుట్టి పంపింది.

రెండు నెలలకి పెద్దక్క ఎంకార్నసియోన్ దగ్గర్నుంచి కబురు వచ్చింది. పెట్టె క్షేమంగా చేరిందట. వినడానికి యంత్రం లేదు గానీ బొమ్మ చాలా బాగుందట, ఊళ్ళో ప్రతి ఇంటి గోడకీ ఒకటి తగిలించారట, పిల్లలు చెప్పిన మాట వింటున్నారట.

స్పామ్ వేరే పెట్టెలో వస్తోందా అని చివర్న అడిగింది.