క్లయింటు తృప్తి

“ఇగ మన పాలమూరు పిల్లలకు పుస్తకాలు చదివే పని లేదు” అని అభ్యాస రూపకల్పన మండలి ఛైర్మన్ లింగస్వామి గారు ప్రకటించగానే సభంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఆయన క్యాంపాఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు నాది. అర్జీలు పెట్టుకునే జనం వల్ల బతుకుతున్నవాణ్ని, ఆమాత్రం విశ్వాసం ఉండదా?

ఆ రోజు మొదలైన కోర్సు పేరు ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్. అంటే, రాని పనిని ఎవరికైనా వచ్చేలా పాఠం తయారుచేసే విద్య. నిజమైన క్లయింటుకు నిజమైన పని చేస్తూనే నేర్చుకోవాలి. క్లయింటు తృప్తిపడి సంతకం పెడితేనే సర్టిఫికెట్. చేరినవాళ్లలో శ్రీవాణి చురుకైన పిల్ల. ఆ సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఇస్తామని హైదరాబాదులో ఒక కంపెనీ మాట కూడా ఇచ్చింది.

నిజమైన క్లయింటు కోసం జిల్లా అంతా వెతికారు. ఎవరూ దొరకలేదు. త్యాగమూర్తి ఛైర్మన్ గారే క్లయింటుగా శ్రీవాణి ముందు కూర్చున్నారు.

“పొద్దున లేస్తే వాకిట్ల జనమే బిడ్డా. పింఛన్, రేషన్, రోడ్డు. పండ్లు తోముకోనిస్తలేరు. ఇంట్ల కూసొని ఫోన్ల అర్జీ పెట్టుడు నేర్పు.”

“జనం తగ్గితే ప్రాజెక్టు సక్సెస్ అన్నట్టేనా సార్?”

“తగ్గుడు గాదు. కనవడొద్దు.”

పాపం, ఆ పిల్ల నిజమే అనుకుంది. ఊరూరా తిరిగి, చదువురానివాళ్ల పక్కన కూర్చుని, మన యాసలోనే చిన్న చిన్న వీడియోలు చేసింది. హనుమమ్మ అనే ముసలామె నా షాపు ముందే ఫోన్‌లో అర్జీ పెట్టేసి, “గింతేనా? గీ దానికేనా ఇన్నేండ్లు ఎండల నిలవెట్టిండ్రు?” అంది. జిరాక్స్ తీయించుకోకుండానే వెళ్లిపోయింది.

నెల తిరిగేసరికి వాకిలి ఖాళీ. ఛైర్మన్ గారు ప్రశాంతంగా పళ్లు తోముకున్నారు. మర్నాడూ తోముకున్నారు. ఆ పైరోజు బ్రష్ నోట్లో ఉండగానే బయటికొచ్చి అటూ ఇటూ చూశారు.

“కృష్ణకాంత్, జనమేరి?”

“ఒక్కరు లేరు సార్. ప్రాజెక్టు సక్సెస్” అన్నాడు పీఏ కృష్ణకాంత్.

“సక్సెస్ నీ మొఖం. ఎల్లుండి పార్టీ పరిశీలకుడు వస్తుండు. వాకిట్ల పిట్ట లేకుంటే నాకు టికెట్ ఎవడిస్తడు?”

వెంటనే శ్రీవాణికి క్లయింటు ఫీడ్‌బ్యాక్ అందింది. పాఠంలో చిన్న లోపం ఉందట. జనం నేర్చుకున్నారు.

“ఇంకో పాఠం చెయ్యి బిడ్డా. సార్ మొఖం చూస్తెనే పనయితదని.”

“ఫోన్లనే అందరి పనులు అయినయి సార్. ఇప్పుడెట్ల నమ్ముతరు?”

“అయితే మర్చిపోయేటట్టు డిజైన్ చెయ్యి.”

“మీరు చెప్పిందే చేసిన సార్. ఎల్లుండి సాయంత్రం లోపల కంపెనీకి సర్టిఫికెట్ ఇయ్యకుంటే నౌకరి పోతది. ఒక్క సంతకం సార్.”

“తృప్తి కావాలె గద బిడ్డా.”

షాపు గుమ్మంలోంచి అంతా వింటున్నాను. ఒక మాట అందామనుకున్నాను. కానీ నా షాపూ ఖాళీగానే ఉంది.

ఎల్లుండి రానే వచ్చింది. సంతకం లేని సర్టిఫికెట్ పట్టుకుని శ్రీవాణి పొద్దుటి నుంచే వాకిట్లో కూర్చుంది. ఆమె తప్ప ఇంకో మనిషి లేడు. పరిశీలకుడి కారు ఆగింది. ఛైర్మన్ గారు పరుగున వచ్చి ఆమె తల నిమిరి, కాగితం అందుకున్నారు. ఫొటోలు తీయించుకున్నారు.

“ఏం కష్టమొచ్చింది బిడ్డా, నాతోని చెప్పు.”

“సంతకం సార్.”

“యువత కూడా మీ దగ్గరికే వస్తోందన్నమాట” అన్నాడు పరిశీలకుడు, మెచ్చుకోలుగా.

ఛైర్మన్ గారు పెన్ను తీశారు. కృష్ణకాంత్ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఛైర్మన్ గారు పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

“నీ పని అయినట్టే బిడ్డా. రేపు రా.”

“ఇయ్యాలనే ఆఖరు సార్.”

కృష్ణకాంత్ ఆమెను పక్కకు తీసుకెళ్లాడు. “పరిశీలకుడు సారు రేపు గూడ ఈడ్నే ఉంటరు. పొద్దుగాల్నే రా. వచ్చేటప్పుడు జర ఇంకో ఇద్దర్ని తోలుకరా.”