కాఫీ వేళ కూలిన పరీక్ష

ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి నుంచి కదలకుండా ఎంఎస్సీ చదవవచ్చునని ఫిన్లాండులో తేల్చి చాలాకాలమైంది. అలా చదివేవాళ్లు నిద్ర ఎప్పుడు పోవాలన్న విషయం ఇంకా పరిశీలనలో ఉంది.

కువోపియో పట్టణంలో హెల్కా ఆరేళ్లుగా ఒక కంపెనీ సర్వర్ల విభాగానికి తాత్కాలిక అధిపతి. (ఆరేళ్లను తాత్కాలికమని చూపించేందుకు ప్రత్యేకంగా ఒక ఫారం ఉంది.) ఖాయం చేయాలంటే సమాచార వ్యవస్థల్లో ఎంఎస్సీ కావాలన్నారు. పాపం, యాభై రెండో ఏట ఆన్‌లైన్‌లో చేరింది. బస్సులో పాఠాలు విని, ఆవిరి స్నానాల గదిలో కూడా వల్లె వేసి రెండేళ్లు లాక్కొచ్చింది. ఇక ఒక్క పరీక్షే మిగిలింది. శుక్రవారం మధ్యాహ్నం రెండింటిలోగా జవాబులు పంపాలి. సోమవారానికి పట్టా చూపించకపోతే పదవి ఇంకొకరిది.

ఆ పరీక్షల వెబ్‌సైటును నడిపేది హెల్కా కంపెనీయే.

ఒంటిగంట నలభై ఐదుకు, ఆవిడ రాసిన జవాబులు సరిచూసుకుంటుండగా, సైటు కూలబడింది. ఆఫీసులో అప్పుడే కాఫీ విరామం మొదలైంది. కార్మిక ఒప్పందం ప్రకారం ఆ వేళ ఎవరినీ కప్పు దగ్గరి నుంచి లేపకూడదు. ఇంతలో పై అధికారి తౌనో ఫోన్ చేశాడు.

"హెల్కా, సైటు పడిపోయింది. కాస్త చూసి పెట్టవూ?"

"సెలవు పెట్టాను కదయ్యా! పరీక్ష రాస్తున్నా."

"తెలుసులే. మిగతావాళ్లంతా కాఫీ తాగుతున్నారు మరి."

"నువ్వేం చేస్తున్నావు?"

"నేనా? రెండో కప్పు."

"నీ కాఫీ మండ!" అంది హెల్కా. కానీ ఏం చేస్తుంది? అవతల మూడువందల పదకొండు మంది విద్యార్థులు గోళ్లు కొరుక్కుంటున్నారు. ఉద్యోగుల దారిన సైటులోకి వెళ్లి, రెండు గంటల రెండు నిమిషాలకు దాన్ని నిలబెట్టింది.

విశ్వవిద్యాలయం పెద్దమనసుతో, అంతరాయం కలిగినవారందరికీ అరగంట పొడిగించింది. హెల్కాకు తప్ప. ఒళ్లు మండి, విశ్వవిద్యాలయంలో సమాన అవకాశాల పర్యవేక్షణాధికారిణి సిర్కాకు ఫోన్ చేసింది.

"మీకు అంతరాయం కలగలేదండీ. అంతసేపూ మీరు సైటు లోపలే ఉన్నట్టు రికార్డులో ఉంది."

"తల్లీ, దాన్ని బాగుచేసిందే నేను!"

"ఎంత మంచి మాట! మా తరఫున ధన్యవాదాలు. వచ్చే ఏడాది మళ్లీ రాయండి."

ఫోన్ పెట్టేసి హెల్కా కళ్లు తుడుచుకుంది. ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

సోమవారం ఆ పదవిలో ఎస్కో అనే కుర్రాడు చేరాడు. అదే పరీక్షను అదనపు అరగంటలో పూర్తిచేసి, తరగతిలో మొదటివాడిగా నిలిచాడు. సర్వరు కూలినప్పుడు విభాగాధిపతి తక్షణ కర్తవ్యం ఏమిటన్న ప్రశ్నకు అతను ఒక్క వాక్యమే రాశాడు: "పని తెలిసిన మనిషికి, సెలవులో ఉన్నా సరే, ఫోన్ చేయాలి." పదికి పది వేశారు.