చీకుల వాంగ్మూలం

బొగ్గులగుట్ట మునిసిపాలిటీ పరిధిలో నానబెట్టిన మాంసం, నిప్పు మీద పెట్టగానే, నానుతున్నప్పుడు తాను విన్న మాటలన్నీ పైకి చెప్పేస్తుంది. ఎవరి మాట వాళ్ళ గొంతుతోనే చెబుతుంది. ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులున్న ఊళ్ళో, పెరుగులో నానిన మాంసం మాత్రం ఎంతసేపని నోరు మూసుకుంటుంది?

సాక్ష్యానికి మేక మాంసమే శ్రేష్ఠమని మునిసిపాలిటీ వారు తేల్చారు. కోడి చివరి మాట ఒక్కటే పట్టుకుని పొద్దుగూకేదాకా దాన్నే కూస్తుంది కనుక చెల్లదు. చేప నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ నోరు తెరిచి తెరిచి అలిసిపోయి ఉంటుంది. పన్నీరు అన్నీ వింటుంది గాని ఒక్క ముక్క బయటపెట్టదు. అందుచేత ఆ ఊరి శాకాహారులందరూ మంచివాళ్ళుగా నమోదై ఉన్నారు. పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తే మాంసంతోపాటు మాట కూడా మెత్తబడుతుందని ఇల్లాళ్ళ నమ్మకం. శాస్త్రం దీన్ని ఒప్పుకోలేదు. నాలుక ఒప్పుకుంది.

ఇంటి మేడ మీద చీకులు, అంటే ఊచకు గుచ్చిన మాంసం తునకలు, కాల్చుకోదలిచినవారు ముందుగా చెబితే మునిసిపాలిటీ ఒక చెవి గుమాస్తాను పంపుతుంది. కుంపటి పక్కన ఆయనకో కుర్చీ వేయాలి, ఉల్లిపాయ చక్రాలూ నిమ్మబద్దా పెట్టాలి. ఆయన ఏమీ రాసుకోడు. విన్నానని తలూపుతాడు, అంతే. ఆయన తల ఊగితే ఎంతటివాడి కుర్చీ అయినా ఊగుతుంది.

ఆఫీసులకు ఈ ఏర్పాటు బాగా కలిసొచ్చింది. వెనకటికి ఉద్యోగి మనసులో ఏముందో తెలుసుకోవడానికి నానా తంటాలూ పడేవారు. ఇప్పుడు నానిన తునకలు తింటే చాలు. బదిలీల కాలం రాగానే పై అధికారి కింది ఉద్యోగి ఇంటికి చీకులకు వెళ్ళడం రివాజైంది.

ఆ రివాజు ప్రకారమే మునిసిపాలిటీ నీళ్ళ నల్లాల విభాగంలో పనిచేసే పొన్నాల విఠల్‌కు, ఆదివారం మీ ఇంటికి వస్తున్నానని మేనేజర్ అనంతరెడ్డి కబురు పెట్టాడు. అడవి అవతలి పంపుహౌసుకు ఒక మనిషిని పంపాల్సి ఉంది. అక్కడికి బస్సు పోదు. కోతులు వస్తాయి గాని అవి జాకెట్లు కుట్టించుకోవు. ఈ రెండో సంగతి ఎందుకు ముఖ్యమంటే, విఠల్ భార్య సులోచన బజార్లో పెట్టుకున్న కుట్టు దుకాణం ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది. బదిలీ అయితే దానికి తాళం పడుతుంది. ఆగితే చీకూ చింతా లేని కాపురం. ఆ చింత తీరాలంటే ఇప్పుడు చీకులే దిక్కు.

శనివారం మధ్యాహ్నం సులోచన మాంసానికి పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి, బొప్పాయి ముద్ద నాలుగు పిడికిళ్ళు ఎక్కువే వేసి ఫ్రిజ్‌లో పెట్టింది. బొగ్గులగుట్టలో ఫ్రిజ్ వంటింట్లో ఉండదు, హాల్లో ఉంటుంది. కొన్న వస్తువు వచ్చిన చుట్టానికి కనబడకపోతే కొన్నట్టెలా? దాని మీద లేసు గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు.

దంపతులు ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఎదురుగా చాప వేసుకుని, అనంతరెడ్డిని పొగడడం మొదలుపెట్టారు. విఠల్ ఆయన నడకను పొగిడాడు. సులోచన ఆయన సంతకాన్ని పొగిడింది. మనిషిలో పొగడవలసిన భాగాలు అయిపోయాక ఆయన స్కూటర్‌కు వచ్చారు. గొంతు తడారిపోయాక తలుపు మూసి, టీవీ ముందు కూర్చుని కడుపారా నిజం మాట్లాడుకున్నారు.

ఆ తలుపు రబ్బరు ఎండాకాలంలోనే ఊడిందనీ, సందు పడుతోందనీ ఇద్దరికీ తెలుసు. అయితే సందు మీద లేసు గుడ్డ వేలాడుతుంటుంది. కనబడని లోపం లోపం కాదని ఆ ఊళ్ళో అందరి లెక్కా.

ఆదివారం సాయంత్రం మేడ మీద కుంపటి రాజుకుంది. అనంతరెడ్డి ఈజీచైర్లో వాలాడు. చెవి గుమాస్తా శంకరయ్య తన కుర్చీలో సర్దుకుని, బాగా వినబడే చెవిని నిప్పు వైపు తిప్పాడు. విఠల్ మొదటి ఊచ పెట్టాడు. కాస్త కమురు వాసన రాగానే మాంసం విఠల్ గొంతుతో, సారు నడిచిన తోవలో నల్లాలు వాటంతటవే పారతాయని చెప్పింది. సారు సంతకం చూసి ముగ్గు వేయడం నేర్చుకున్నానని సులోచన గొంతుతో చెప్పింది. అనంతరెడ్డి నిమ్మకాయ పిండుకుని తిన్నాడు. శంకరయ్య తలూపాడు. పొగా పొగడ్తా కలిసి పక్క మేడ మీదికి పోయాయి.

ఆ తరవాత ఊచకు గుచ్చినవి గిన్నె అడుగు తునకలు. అడుగున ఉన్నవి ఆలస్యంగా, లోతుగా నానతాయి.

"గాయన మొఖానికి గంత పొగడ్తనా," అంది తునక, సులోచన గొంతుతో. "పెరుగు దండుగ. గా సూపుకు పొయ్యి మీది పాలు ఇరుగుతయి."

ఉల్లిపాయలు తెస్తున్న సులోచన మెట్ల దగ్గరే నిలబడిపోయింది. శంకరయ్య తలూపాడు. విఠల్ ఊచ తీసేయబోయాడు గాని, సగం కాలిన వాంగ్మూలాన్ని నిప్పు మీంచి దించడానికి నిబంధనలు ఒప్పుకోవని శంకరయ్య మర్యాదగా గుర్తుచేశాడు. మాడిపోతే మాటైనా ఆగుతుందన్న ఆశతో విఠల్ విసనకర్రతో గట్టిగా విసిరాడు. మాంసం అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పింది. అనంతరెడ్డి ముఖంలో మార్పేమీ లేదు. ఇలాంటివి ఆయన ప్రతి ఇంట్లోనూ తింటూనే ఉన్నాడు. ఉప్పులాగే ఇది కూడా అన్ని తునకల్లో ఉంటుందని ఆయనకు తెలుసు.

"తిప్పు విఠల్," అన్నాడు. "ఇంకో దిక్కు సుత కాలనీయి."

విఠల్ తిప్పాడు. కొవ్వు కరిగి బొగ్గుల మీద చుయ్యిమంది. ఈసారి వచ్చింది విఠల్ గొంతు, చాలా నెమ్మదిగా.

"ఊకో సులోచనా. గా కుర్సీల నేను కూసున్ననాడు సూడు. నేను సుత ఇంటింటికి పోత. తునక తునక తింట. నచ్చనోణ్ణి అడివికి పంపుత."

అనంతరెడ్డి ఆ తునకను ఊచ నుంచి స్వయంగా లాక్కుని చాలాసేపు నమిలాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. పొగ అయి ఉంటుందని శంకరయ్య అనుకున్నాడు.

"నేను చిన్న నౌకరిల ఉన్నప్పుడు," అన్నాడు అనంతరెడ్డి, "మా ఇంటి తునక సుత అచ్చం గిట్లనే జెప్పింది."

పంపుహౌసుకు విఠల్ పక్క సీటు మనిషిని పంపారు. అతని ఇంటి మాంసం రెండు వైపులా పొగడ్త తప్ప మరేమీ చెప్పలేదట. అలాంటివాణ్ణి ఊళ్ళో ఉంచుకోవడం ప్రమాదమని మేనేజర్ అభిప్రాయపడ్డాడు. విఠల్ అసిస్టెంట్ మేనేజర్ అయ్యాడు. ఆదివారాల్లో కింది ఉద్యోగుల ఇళ్ళకు చీకులకు వెళ్తున్నాడు. తన గురించి తునక ఏమన్నా ముఖం తిప్పుకోడు, ఊచను మాత్రం తిప్పమంటాడు.

సులోచన దుకాణం కదలలేదు. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఇప్పుడు ఆమె దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటున్నారు. చంకలో బిగువైనా బాగుందనే అంటున్నారు. ఫ్రిజ్‌కు కొత్త రబ్బరు వేయించారు. అయినా ఆ ఇంటి హాల్లో భార్యాభర్తలు మాట్లాడుకోవడం మానేశారు. టీవీ ఒక్కటే మాట్లాడుతుంది.

ఈమధ్య ఆ ఫ్రిజ్‌లో ఎప్పుడు చూసినా పన్నీరే నానుతోంది. దుకాణం మూసి వచ్చాక సులోచన తలుపు తెరిచి, చాప వేసుకుని, దాని ముందు చాలాసేపు కూర్చుంటుంది. ఆ పన్నీరును విఠల్ ఒక సాయంత్రం కుంపటి మీద పెట్టాడు. ఒక దిక్కు కాల్చాడు. ఇంకో దిక్కు కాల్చాడు. వంగి చెవి ఒగ్గాడు. అది చుయ్యిమని కూడా అనలేదు.

"మంచిగనే ఉంది," అన్నాడు నోట్లో వేసుకుని. "కారమే జెర ఎక్కువైంది."

సులోచన అతనికి ఇంకో ముక్క వడ్డించింది.