వాడని భవనం

పర్యావరణ విద్యా కేంద్రం కొత్త భవనాన్ని ఇకపై ఎవరూ వాడరాదని డైరెక్టరుగారు ఉత్తర్వు జారీ చేశారు. ప్రజాహితం కోరి వెలువడిన ఉత్తర్వుల్లో ఇంత స్పష్టమైనది మరొకటి లేదు.

భవనానికి ఏ లోటూ లేదు. మూరెడు మందాన మట్టిగోడలు, ఎదురెదురుగా కిటికీలు, వేడిగాలి పైనుంచి పోయేందుకు ఎత్తయిన కప్పు. ఇందులో ఫ్యానుతో పనిలేదని కట్టిన ఇంజనీరమ్మ ఒట్టు పెట్టి చెప్పింది. అయితే హరిత భవనాల పోటీలో కరెంటూ నీళ్లూ ఎంత తక్కువ వాడితే అన్ని మార్కులు. మొదటి బహుమతి వస్తేనే డైరెక్టరుగారి పదవి మరికొంత కాలం సాగుతుంది. అందుకని ముందు కొళాయిలు బిగించేశారు. తరువాత బల్బులు ఊడబెరికించారు. అయినా మీటరు కదులుతూనే ఉంది. ఆరా తీయగా, ఉద్యోగులు లోపల కూర్చుని పనిచేస్తున్నట్టు తేలింది. ఆ దురలవాటును వెంటనే మాన్పించారు.

ఆఫీసంతా డైరెక్టరుగారి ఇంటికి తరలింది. హాల్లో గుమాస్తాలు, వంటగట్టు మీద జిరాక్సు మిషను, పడకగదిలో పిల్లలకు పాఠాలు. భూమి వేడెక్కుతోందని చెప్పేటప్పుడు ఎవరికీ చెమట పట్టకూడదు కనుక రెండు ఏసీలు పెట్టించారు. ఇంటి మీటరు గిర్రున తిరిగింది. పోటీ నిబంధనల్లో ఇళ్ల ప్రస్తావన లేదు కాబట్టి ప్రకృతికి ఏ నష్టమూ జరగలేదు.

"ఏవండీ, పొద్దుట్నుంచి స్నానానికి సందు దొరకలేదు. బాత్రూం ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారు," అంది ఆయన భార్య.

"కాస్త ఓర్చుకోవే. భూమాత ఎంత ఓర్చుకుంటోంది?"

"పాపం ఆవిడకి వేరే చోటు లేదు. నాకు మీ కేంద్రం ఉంది."

మేకుకు తగిలించిన కేంద్రం తాళంచెవి తీసుకుని ఆవిడ వెళ్లిపోయింది. కేంద్రంలో చాప పరుచుకుని నడుం వాల్చింది. ఒక కిటికీలోంచి వచ్చిన గాలి ఒళ్లంతా తడిమి రెండో కిటికీలోంచి వెళ్లింది. ఇంజనీరమ్మ చెప్పింది నిజమేనని పడుకుని మరీ తెలుసుకున్న మొదటి మనిషి ఆవిడే. ప్రాణానికి హాయిగా అనిపించి, గురకపెట్టి నిద్రపోయింది.

అప్పుడే డైరెక్టరుగారిని వెంటబెట్టుకుని పోటీ న్యాయనిర్ణేతలు దిగారు. "అద్భుతం. ఈ కట్టడంలో వినియోగమన్నదే లేదు. మానవజాతికి ఇది మార్గదర్శకం," అంటూ పెద్దాయన మీటరుకు నమస్కరించి హాల్లోకి అడుగుపెట్టారు. గురక వినిపించింది.

"ఎవరీవిడ?"

డైరెక్టరుగారు పదవిని తలుచుకుని, "నాకు తెలీదండీ," అన్నారు.

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "ఈ ముక్క పెళ్లికి ముందే చెప్పుంటే ఇద్దరం బాగుపడేవాళ్లం," అని అటు తిరిగి పడుకుంది.

భవనంలో మనిషి కనిపించడం డిజైను లోపమని న్యాయనిర్ణేతలు రాసుకున్నారు. కేంద్రం రెండో స్థానానికి జారింది. డైరెక్టరుగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పదవి పోయింది, ఇంట్లో మాట్లాడే మనిషీ లేదు.

మొదటి బహుమతి ఊరవతల ఆసుపత్రి భవనానికి దక్కింది. అక్కడ ఏళ్ల తరబడి శంకుస్థాపన రాయి తప్ప ఏమీ లేదు. గోడలు లేనందున గాలికి అడ్డు లేదనీ, కప్పు లేనందున వాననీరంతా భూమిలోకే ఇంకుతోందనీ, రోగులు లేనందున మందుల వృథా లేదనీ కమిటీ కొనియాడింది. అలాంటి హరిత భవనాలు మీ పేటలోనూ ఒకటి రెండు ఉండకపోవు. ఆ రాయి వేసిన రోజున చప్పట్లు కొట్టి ఇంటికొచ్చి, మళ్లీ అటు తొంగిచూడని పుణ్యం మీదే కనుక, బహుమతిలో సగం మీకు రావాలి.