నడుం వంగిన పెద్దావిడ దొరికిందా?

పొద్దున ఏడున్నరకల్లా ఇంటికి రావాలన్నది తల్లీకూతుళ్ళ ఒప్పందం. వస్తే ఆ రెండు నడక కర్రలు కినుయో దగ్గరే ఉంటాయి. రాకపోతే అటకెక్కుతాయి; ఆ తర్వాత పెద్దవాళ్ళు ఆనుకుని నడిచే తోపుడుబండితో వీధి మలుపు దాకానే, అదీ కూతురు తోడుంటేనే.

ఒప్పందం చేసిన కూతురు చిజురుకి భయంగానే ఉంది. తల్లికి డెబ్భైతొమ్మిదేళ్ళు. ఎముకలు గుల్లబారి ఆరేళ్ళ కిందట వెన్నుపూస ఒకటి నలిగింది. అప్పట్నుంచి నడుం వంగిపోయి, ఆవిడకి లోకమంటే కాళ్ళ ముందున్న మూడడుగుల తారురోడ్డే. నాలుగు నెలలుగా ఆసుపత్రిలో ఒకమ్మాయి రెండు చేతులకీ కర్రలిచ్చి, "చూపు దూరంగా పెట్టండి, బామ్మగారూ," అంటూ నడిపిస్తోంది. ఆ నడక చిజురు ఒక్కసారీ చూడలేదు. తెల్లారేసరికి ఆమె భోజనం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీలో ఉంటుంది; ఇవాళే సెలవు పెట్టింది. ఇంట్లోనేమో గడ్డిచాపల మీద కర్రలు ఆనించకూడదు కాబట్టి, తల్లి గోడ పట్టుకుని వంగే తిరుగుతుంది.

"ఫోను పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానే." ఫోను బూట్ల అలమార మీదే ఉంది.

"మెల్లిగా నడువు. పడితే తుంటి విరుగుతుంది. తుంటి విరిగితే మంచం. మంచాన పడితే న్యుమోనియా."

"గుమ్మం దాటకముందే చితి దాకా మోసుకెళ్ళావు గదే. ఇక వెళ్ళిరానా?"

చిజురు తల్లికి బూడిద రంగు కోటు తొడిగి, అదే రంగు టోపీ పెట్టింది. బూట్ల ముందుభాగం మీద ఇంటి ఫోను నంబరు మార్కరుతో రాసింది. కినుయో పార్కులో రేడియో పాటకి అందరూ కలిసి చేసే వ్యాయామానికి బయల్దేరింది.

ఏడున్నర అయింది. ఏడూ ముప్పైరెండుకి చిజురు గేటు దగ్గరుంది. ఏడూ నలభైకి వీధి సంఘం అధ్యక్షుడు కురామోతో గారి గుమ్మంలో ఉంది. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. విషయం వినకముందే హెల్మెట్ పెట్టుకున్నాడు.

"పది నిమిషాలేగా, చిజురు గారూ."

"తుంటి విరగడానికి పది నిమిషాలు కావాలాండీ?"

కురామోతో వెంటనే పోలీసులకి ఫోను చేశాడు. ఆనవాళ్ళు అడిగారు. "నడుం వంగి ఉంటుంది," అంది చిజురు. "బాగా వంగి ఉంటుంది," అన్నాడు కురామోతో ఫోనులో. పోలీసుల నుంచి పురపాలక కార్యాలయానికి వెళ్ళేసరికి ఆ నడుం ఇంకాస్త వంగింది. ఎనిమిదింపావుకి ఊళ్ళో ప్రతి స్తంభం మీదా లౌడ్‌స్పీకర్ పలికింది.

"వృద్ధురాలు తప్పిపోయారు. డెబ్భైతొమ్మిదేళ్ళు. నడుం రెండుగా వంగి ఉంటుంది. ఆసరా లేకుండా పదడుగులు వేయలేరు. బూడిద రంగు కోటు, టోపీ."

పేరు మాత్రం చెప్పలేదు. ఒకరింటి పరువు మైకులో పెట్టడం ఆ ఊళ్ళో పద్ధతి కాదు.

ఇక ఆగేదేముంది. ఊరి అగ్నిమాపక దళం కుర్రాళ్ళు ఎర్రబండి తీశారు. పడవ సంఘం వాళ్ళు ఏట్లో దిగారు. వీధి ఆడవాళ్ళు సంఘం హాల్లో చేరి, వెతికేవాళ్ళకి అన్నం ముద్దలు చుట్టడం మొదలెట్టారు. నూట ఇరవై ముద్దలయ్యాయి. ముద్ద ముద్దకీ చిజురు తనని తనే తిట్టుకుంది. అమ్మని పంపింది తనే. ఆ కర్రలకి ఒప్పుకున్నదీ తనే.

తొమ్మిదింటికి ఒక దళం తిరిగొచ్చింది. "ఏటవతల ఎవరో పెద్దావిడ మాతో కలిసిందండీ," అన్నాడు ఇసోబే అనే కుర్రాడు, ముద్ద నములుతూ. "మైకు విని, 'పాపం, నా ఈడుదే' అంటూ వచ్చేసింది. ప్రతి కాలవా తెలుసావిడకి. రెండు కర్రలు, ఎర్ర స్వెటరు. కొండగుడి మెట్లు అరవై ఉంటాయా, మా ముందే ఎక్కేసింది."

కొండలెక్కే పెద్దవాళ్ళకి ఆ ఊళ్ళో కరువు లేదు. చిజురు కళ్ళు తుడుచుకుంది. "అలాంటి తల్లులూ ఉంటారు చూడండి. వాళ్ళ పిల్లలు హాయిగా నిద్రపోతారు."

"ఆవిడకి ఈ తప్పిపోయినావిడ పిల్లల మీద కోపంగా ఉందండీ. ఆ వంగిన మనిషిని ఒంటరిగా పంపిందెవరో కనబడితే నాలుగు దులుపుతానంది."

"దులపాల్సిందే," అంది చిజురు.

పదింటికి ఆఖరి దళం వచ్చింది. చిజురు పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ నడుం విరిగేలా వంగి క్షమాపణ చెబుతోంది. చివర్న ఎర్ర స్వెటరు వచ్చింది. ఆవిడకి మరీ కిందకి వంగింది. అక్కడ రెండు కర్రల రబ్బరు కొనలు కనిపించాయి. వాటి మధ్య బూట్లు. బూట్ల మీద తన చేతిరాత, తన ఇంటి ఫోను నంబరు.

చిజురు మెల్లిగా తలెత్తింది. ఆరేళ్ళుగా తల్లి మొహం చూడాలంటే తను వంగేది. ఇప్పుడా మొహం తన భుజం దాటి పైన ఉంది. కోటు నడుముకి చుట్టి ఉంది. టోపీ జేబులో ఉంది.

"దొరికిందా?" అడిగింది కినుయో.

"ఎవరమ్మా?"

"అదేనే, నడుం వంగిన పెద్దావిడ."

 వీధి ఆడవాళ్ళు ఆరేళ్ళుగా ఆవిడ టోపీకే నమస్కారం పెట్టారు. మొహాన్ని ఇప్పుడే చూస్తున్నారు. కురామోతో తన కాగితం చూశాడు, కినుయోని చూశాడు, హెల్మెట్ తీశాడు.

"లేదండీ. ఇంక దొరకదనుకుంటాను."

"ఎక్కడికి పోయావమ్మా? ఏడున్నర అన్నాను గదా," అంది చిజురు. 

"వంతెన దగ్గర తలెత్తితే కొండ కనబడింది. మంచు పడింది దానిమీద. చూసి ఆరేళ్ళయింది కదే, కాసేపు నిలబడ్డాను. ఇంతలో మైకు." కినుయో ఒక ముద్ద తీసుకుంది. "అవునూ, పదడుగులు వేయలేనని చెప్పిందెవరు?"

 అందరూ చిజురునే చూశారు.

ఆ మధ్యాహ్నం చిజురు బియ్యపు బిస్కట్ల పెట్టెలు మోసుకుని నలభైమూడు ఇళ్ళకి వెళ్ళింది. శ్రమ పెట్టినందుకు ఇంటింటా వంగి క్షమాపణ చెప్పుకోవాలి. మొదటి పదిళ్ళలో అలాగే చెప్పింది. పదకొండో ఇంట, "మా అమ్మే లెండి, ఆ మెట్లెక్కింది," అని జోడించింది. ముప్పయ్యో ఇంటికొచ్చేసరికి క్షమాపణ ఒక్క ముక్కలో తేలిపోయింది. మెట్లు మాత్రం అరవై నుంచి తొంభై అయ్యాయి. కినుయో పక్కనే కర్రలానుకుని నిటారుగా నిలబడి, ఒక్క మెట్టూ తగ్గించలేదు.

నలభైమూడో ఇంట వంగిన చిజురు మళ్ళీ లేవలేకపోయింది. నడుం పట్టేసింది.

మర్నాడు ఉదయం కినుయో కూతురి రెండు చేతుల్లో కర్రలు పెట్టి, గేటు తీసింది.

"చూపు దూరంగా పెట్టు. ఏడున్నరకల్లా రా. పది నిమిషాలు దాటితే నీ నడుం సంగతి మైకులో చెప్పించాల్సొస్తుంది."