పాలు పొంగిన పాఠం

"ఈ బడిలో చీమ చిటుక్కుమన్నా, ఆ చీమ ఇంటిపేరుతో సహా చెప్పగలను. ఎవరూ కదలొద్దు!"

కంప్యూటరు గది గుమ్మంలో నిలబడి ఈ మాటలన్నది లైబ్రరీ మాస్టారు. బీరువాల్లోని అపరాధ పరిశోధన నవలలన్నీ అట్టలతో సహా నమిలేసి, తనకు తానే 'డేగ' అని బిరుదిచ్చుకున్న మనిషి. కళ్ళజోడు తీస్తే ఎదురుగా ఉన్నది తలుపో టీచరో తేల్చుకోలేడు. గదిలో సైన్సు టీచరమ్మ ఒక్కతే ఉంది కాబట్టి కదలకూడనిది కూడా ఆవిడే.

ఆవిడకు కదిలే ఓపికా లేదు. ఆరు నెలలుగా నానా తిప్పలూ పడి 'కలగలుపు చదువు' మొదలుపెట్టింది. పాఠాన్ని ఫోనుతో వీడియో తీసి పంపిస్తుంది. పిల్లలు ఇంట్లో చూసి వస్తారు. క్లాసులో ఇక ప్రయోగాలూ ప్రశ్నలూనూ. హెడ్మాస్టరు మాత్రం దీన్ని మొదటినుంచీ 'కలగాపులగం చదువు' అనే అంటున్నాడు. ఇవాళ ఆయనకు సాక్ష్యం కూడా దొరికింది.

మొక్క ఆహారం తయారు చేసుకోవడానికి ఏమేం కావాలని పరీక్ష పెడితే, ముప్ఫై ఇద్దరిలో ముప్ఫై ఒక్కరు నీరు, వెలుతురు, గాలి అని రాసి, ఆ కిందే మరో ముక్క తగిలించారు: 'పాలు పొంగుతున్నాయి, స్టవ్ కట్టేయాలి.'

"ఎవరు చెప్పార్రా ఇది?" అని హెడ్మాస్టరు గద్దిస్తే, "టీచరే చెప్పారు సార్!" అని ముప్ఫై ఒక్క గొంతులూ ఒక్కసారే లేచాయి.

"నేనెప్పుడన్నానూ!" అని టీచరమ్మ లబోదిబోమంది.

"ఒకరు రాసిన పిచ్చి కూత చూసి అందరూ ఎక్కించేశారు. మీ వీడియో ఒక్కరూ చూళ్ళేదన్నమాట. మా అమ్మాయొక్కతే బుద్ధిగా రాసింది," అన్నాడు హెడ్మాస్టరు. "మధ్యాహ్నంలోగా సంగతేంటో తేల్చండి. లేదంటే సోమవారం నుంచి మళ్ళీ సుద్దముక్కే!"

తన గొంతు తనకే వినబుద్ధి కాని మనిషి కావడంతో, తీసిన వీడియోని తిరిగి చూసే అలవాటు టీచరమ్మకు లేదు. ఇవాళ తప్పదని కంప్యూటరులో తెరిచేసరికి డేగ వచ్చి వాలింది.

"మాస్టారూ, ఒక్క నిమిషం. ఈ వీడియో చూడనివ్వండి."

"ముట్టుకోకండి మేడమ్! వేలిముద్రలు చెరిగిపోతాయి."

"అవి నా వేలిముద్రలే కదండీ!"

"దొరికిపోయిన ప్రతివాడూ మొదట అనేమాట అదే," అని కీబోర్డు మీద తన రుమాలు కప్పేశాడు. "సరే, చెప్పండి. పాలంటే ఏంటి?"

"పాలంటే పాలే."

"అక్కడే పప్పులో కాలేశారు. నా పాలు, నీ పాలు అనమూ? పాలంటే వాటా! ముఠావాళ్ళ వాటా పొంగుతోంది. ఇక స్టవ్ అన్నది ఎవరిదో మారుపేరు. వాణ్ణి కట్టేస్తారు. తాళ్ళతో!"

"స్టవ్ కట్టేయడమంటే ఆర్పేయడమండీ."

డేగ ముఖం పాలిపోయింది. "ఆర్పేయడమా! అయితే హత్యే!"

టీచరమ్మ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. ఏడాదిగా నోరు విప్పని చివరి బెంచీ, మొన్న తనంతట తాను, "ఆకుని చీకట్లో పెట్టి చూద్దామా టీచర్?" అని అడిగింది. అదంతా సోమవారంతో పోతుందనుకుంటే ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

అంతలో కూతుర్ని వెంటబెట్టుకుని, ఆ అమ్మాయి జవాబు పత్రం పట్టుకుని హెడ్మాస్టరు వచ్చాడు. "ఏం తేలింది?"

"తేలింది సార్!" డేగ కళ్ళజోడు తీసి ఠీవిగా తుడిచాడు. "ముప్ఫై ఒక్కరు రహస్య సంకేతం రాశారు. రాయనిదెవరు? చేతికి మసి అంటకుండా చూసుకునేది నాయకులే కదా. ముఠా నాయకురాలు ఈ అమ్మాయే!"

అతని వేలు మాత్రం మూలనున్న బీరువా వైపు చూపిస్తోంది.

"నేనిక్కడున్నాను మాస్టారూ," అంది అమ్మాయి ఇటువైపు నుంచి.

డేగ గిర్రున తిరగబోయాడు. కాలికి వైరు చుట్టుకుంది. రెండు మోచేతులతో కీబోర్డు మీద పడి, అక్కణ్ణుంచి నేలమీదికి జారాడు. వీడియో దానంతటదే మొదలైంది.

"...వెలుతురు కావాలి, గాలి కావాలి," అంటోంది తెరమీద టీచరమ్మ. ఆ వెనకనుంచి ఓ గొంతు గది అదిరేలా వినిపించింది. "అమ్మాయ్! పాలు పొంగుతున్నాయి, స్టవ్ కట్టేయాలి! ఎవరికీ పట్టదా ఈ ఇంట్లో?"

టీచరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "మా అత్తగారండీ. వంటింట్లో తీశాను. పాలు దించి వచ్చి మళ్ళీ అందుకున్నాను గాని, ఆ ముక్క తీసేయడం మరిచిపోయాను."

"అంటే... ఆ ముప్ఫై ఒక్కరూ..." అని హెడ్మాస్టరు నసిగాడు.

"చూశారండీ! ఒక్క ముక్క వదలకుండా విన్నారు!" ఆవిడ ముఖం మీంచి చేతులు తీసేసి, ఎగిరి గంతేసినంత పని చేసింది.

హెడ్మాస్టరు కూతురి వైపు తిరిగాడు. "మరి నువ్వో?"

"గైడు చూసి రాశాను సార్... నాన్నా. మీరు నన్ను ఫోను ముట్టుకోనివ్వరుగా."

"ముందే చెప్పానా లేదా!" అన్నాడు డేగ నేలమీంచే.

హెడ్మాస్టరు జవాబు పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కానివ్వండి. కలగలుపు చదువే కానివ్వండి. మా ఇంట్లోనూ ఫోను ఇస్తాను. కాకపోతే మీ అత్తగారికి ఒక మాట..."

"మెల్లగా మాట్లాడమని చెప్తానండీ."

"అబ్బే, పాఠానికోసారి ఏదో ఒకటి గట్టిగా అరవమనండి. ఎవరు చూశారో, ఎవరు చూళ్ళేదో పరీక్షలో తేలిపోతుంది."